ఆరోగ్యవరం గురించి రాయండి

వైద్య చరిత్ర మీద వ్యాసరచన పోటీకి ఏం రాయమంటారు సార్ అని మా తిరుపతి పిల్లలు అడిగితే, అందరూ రాసే సుశ్రుతుణ్ణి వదిలేసి మదనపల్లె బస్సెక్కమంటాను.

ఊరికి దగ్గర్లోనే ఆరోగ్యవరం. 1915లో క్రైస్తవ మిషన్లు కలిసి అక్కడ క్షయ ఆస్పత్రి తెరిచాయి. పెద్దడాక్టరు డెన్మార్క్ నుంచి వచ్చిన క్రిస్టియన్ ఫ్రిమొడ్ మోలర్. క్షయకు మందైన స్ట్రెప్టోమైసిన్‌ను 1943లో గానీ కనిపెట్టలేదు. అది చేతికందేదాకా పొడిగాలి, మంచి తిండి, నెలల తరబడి పడక, ఇదే వైద్యం. కొందరికి సూదితో ఛాతీలోకి గాలి ఎక్కించి, జబ్బుపడిన ఊపిరితిత్తి ముడుచుకునేలా చేసి దానికి విశ్రాంతినిచ్చేవారు. మందు లేని ఆ రోజుల్లో రోగులు పట్టిన ఓపిక తలుచుకుంటే నా గుండె బరువెక్కుతుంది.

1948లో దేశంలో క్షయ రాకుండా వేసే బీసీజీ టీకాలు మొదలైందీ మదనపల్లెలోనే. మీ భుజం మీది మచ్చ చూసుకోండి. 1919లో టాగూరు మదనపల్లెకి వచ్చారని అందరం గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవాల్సిందే. ఈ టీకా సంగతి మాత్రం మనవాళ్లలోనే చాలామందికి తెలియదు, అదే నా బాధ. బహుమతి రాకపోయినా సరే, ఆ ఆస్పత్రిలో పనిచేసిన ముసలి నర్సులనో, వాళ్ల పిల్లలనో వెతికి మాట్లాడండి. పాత కేసుషీట్లు ఉంటే చూపించమని అడగండి.