రాజమండ్రికి రెండుసార్లు వచ్చిన రాయి

గోదావరి డెల్టా చరిత్రను చాలామంది 1847తో మొదలుపెడతారు. ఆ ఏడు ఇంజనీరు ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టడం ప్రారంభించాడు, 1852కల్లా పూర్తి చేశాడు. అంతకు ముందు కరువులు, ఆ తర్వాత వరిచేలు. ఈ కథ నిజమే గాని, ఇందులో నీళ్ళున్నంతగా మట్టి లేదు. కాటన్ తవ్వించిన కాలువలు పారడానికి ఒక చదునైన, సారవంతమైన నేల అప్పటికే సిద్ధంగా ఉంది. అది ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరి పొలం కరిగితే వచ్చింది అన్నది డెల్టా చరిత్రలో మొదటి అధ్యాయం కావాలి. ఇప్పుడు తీరంలో ఊళ్ళు ఎందుకు కోతకు గురవుతున్నాయో తెలియాలన్నా అక్కడి నుంచే రావాలి.

దీనికి సాక్ష్యం రాజమహేంద్రవరం చుట్టుపక్కలే ఉంది. ఊరి శివార్లలో కాతేరు దగ్గర, ఏటికి అవతల పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు క్వారీల్లో దొరికే నల్లరాయి ఒకప్పటి లావా. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట పశ్చిమాన దక్కన్‌లో పొంగిన లావా అంతదూరం పారి ఇక్కడిదాకా వచ్చిందని, భూమ్మీద తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఇదొకటని శాస్త్రజ్ఞులు దాని రసాయన లక్షణాలను పోల్చి తేల్చారు. రెండు లావా పొరల మధ్య గవ్వల శిలాజాలున్న సున్నపురాతి పొర కనిపిస్తుంది. ఒక ప్రవాహానికీ ఇంకో ప్రవాహానికీ నడుమ ఇక్కడ నీళ్ళు నిలిచి, ప్రాణులు బతికాయన్న మాట. అదే దక్కన్ రాయి రెండోసారి గోదావరి నీళ్ళలో ఒండ్రుగా వచ్చింది. నది పుట్టిన త్ర్యంబకం నుంచి ఎన్నో వందల కిలోమీటర్లు ఆ నల్లరాతి పీఠభూమి మీదే నడుస్తుంది. మొదటి రాక ఇక్కడ క్వారీలను మిగిల్చితే, రెండో రాక డెల్టాలోని కోనసీమను మిగిల్చింది.

అంత గట్టి రాయి మట్టి ఎలా అయిందంటే, నిప్పులోంచి పుట్టిన ఆ రాతిలోని ఖనిజాలకు వానా గాలీ సరిపడవు. వాన చినుకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కాస్త పులుపెక్కి నేలను చేరుతుంది. ఆ నీరు పగుళ్ళలోకి దిగి రాతిలోని సున్నాన్ని కరిగించి తీసుకుపోతుంది, ఇనుమును తుప్పు పట్టిస్తుంది, మిగిలినదాన్ని బంకమట్టి చేస్తుంది. ఎండకు వ్యాకోచించి, రాత్రి చలికి సంకోచించి రాయి పెళుసెక్కుతుంది. వేళ్ళు ఆ సందులను ఇంకా తెరుస్తాయి. ఇదంతా రాయి ఉన్నచోటనే జరిగే శైథిల్యం. అలా వదులైనదాన్ని నీరో గాలో ఎత్తుకుపోవడం కోత. పాఠం చెప్పేటప్పుడు ఈ రెంటినీ ఒకటి చేయకూడదు, ఎందుకంటే శైథిల్యం లేకపోతే నేలే పుట్టదు, కోత మితిమీరితే పుట్టిన నేల నిలవదు. నల్లరాయి ఎక్కువగా మెత్తని ఒండ్రుగా మారుతుంది. పాపికొండల్లాంటి తూర్పు కనుమల్లోని ఖొండలైటు రాయి వేరు. అందులోని ఫెల్‌స్పార్ బంకమట్టి అవుతుంది గాని, స్ఫటికం కరగదు, ఇసుకగానే దిగివస్తుంది. ఏటి లంకల్లోని రైతుకు ఈ తేడా ఏ పుస్తకమూ లేకుండానే తెలుసు. వరద తీశాక చేలో ఒండ్రు మేట వేస్తే ఆ ఏడు పంటకు ఎరువు వెతుక్కోనక్కర్లేదు. ఇసుక మేట వేసిందంటే పొలం చేజారినట్టే. లంక పొగాకుకు వచ్చిన పేరు వెనక ఉన్నది ఈ ఒండ్రే.

నది ఈ మట్టిని ఎప్పుడూ ఒకే లెక్కన తేలేదు. గోదావరి ముఖద్వారం ఎదుట బంగాళాఖాతం అడుగు నుంచి తీసిన మట్టి పొరలను పరిశీలించిన ఒక అధ్యయనం 2017లో వెలువడింది. గత కొన్ని వేల ఏళ్ళలో రుతుపవనాలు బలహీనపడి, పచ్చదనం తగ్గి, నేల కోత పెరిగిందనీ, ఆపైన దక్కన్‌లో కొత్త రాతియుగపు సేద్యమూ, ఇనుప యుగంలో విస్తరించిన సేద్యమూ ఆ కోతను మరింత పెంచాయనీ అది తేల్చింది. అంటే కోనసీమ కొబ్బరితోట కింద ఉన్న మట్టిలో కొంత భాగం ఒకప్పుడు మహారాష్ట్రలో ఎవరో దున్నుకున్న చేను. డెల్టా సంపదను దైవదత్తమని చెప్పుకోవడంలో తప్పు లేదు, కానీ ఎగువన పోయిన నేలను కూడా పక్కన పెట్టి చూడాలి. వచ్చిన మట్టి దిగువన కూడా అందరికీ మేలు చేయలేదు. ఓడలకు పేరుపడ్డ కోరంగి రేవు పూడికతో మూసుకుపోయింది, వ్యాపారం కాకినాడకు తరలింది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. మట్టే అంత గొప్పదైతే, 1833 కరువులో ఈ ప్రాంతం ఎందుకు అల్లాడింది? 1821లో సుమారు 7.38 లక్షలున్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి 5.61 లక్షలకు ఎందుకు పడిపోయింది? నీరు లేని మట్టి అన్నం పెట్టదన్నది నిజం, ఆ విషయంలో కాటన్‌కు దక్కిన గౌరవం న్యాయమైనదే. అయితే ఆనకట్టకు ధవళేశ్వరమే ఎందుకు సరిపోయిందో చూడండి. నదిని పాయలుగా చీల్చిన లంకలు అక్కడ ఉన్నాయి, అవి నది పోసిన మట్టే. పక్కనే ఇంకా అరిగిపోని కొండ ఉంది. ఆ కొండ రాయిని ఏటికి చేర్చడానికి 1845లోనే పట్టాలు వేశారు, బొంబాయి–ఠాణా రైలుకు ఎనిమిదేళ్ళ ముందు. కొండ ఆగి డెల్టా మొదలయ్యే చోటు అది. కాలువల తలల దగ్గర మేట పడకుండా ఆనకట్టలో అడుగు తూములు కూడా కాటన్ పెట్టించాడు. నది నీటితోపాటు మట్టినీ తెస్తుందని ఆ ఇంజనీర్లు మరవలేదు, తర్వాత కథ చెప్పినవాళ్ళే మరిచారు.

ఆ మరుపుకు ఇప్పుడు మూల్యం చెల్లిస్తున్నాం. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకుల లెక్క ప్రకారం 1970ల్లో గోదావరి ఏటా సుమారు 15 కోట్ల టన్నుల మట్టిని కిందికి తెచ్చేది, ఎగువ జలాశయాల్లో చిక్కుకుపోతూ 1990ల్లో అది ఆరు కోట్ల లోపుకు దిగింది. 1976–2001 మధ్య డెల్టా అంచున సుమారు 18 చదరపు కిలోమీటర్ల నేల సముద్రంలో కలిసింది. ఎగువన రైతు తన నేలను కాపాడుకుంటే మట్టి తగ్గదా, అది మంచిదే కదా అని ఎవరైనా అడగవచ్చు. మంచిదే, ఆ మట్టి అతని చేలోనే ఉంటుంది గనుక. జలాశయం అడుగున చిక్కిన మట్టి మాత్రం అతనికీ అక్కరకు రాదు, అంతర్వేది తీరానికీ అందదు. పైగా జలాశయాన్నే పూడుస్తుంది. ఇక సముద్రమట్టం పెరగడమే కోతకు కారణమన్న వాదన సగమే సరైనది. డెల్టా మట్టి తన బరువుకు తానే అణిగి కుంగుతుంది, కొత్త మేట పడితేనే ఎత్తు నిలుస్తుంది. సముద్రం పైకి వస్తున్న కాలంలో మట్టి అవసరం ఇంకా ఎక్కువ. అందుకే ధవళేశ్వరానికి 42 కిలోమీటర్ల ఎగువన కడుతున్న పోలవరం జలాశయంలో నీటి మట్టంతో సమానంగా మట్టి లెక్కనూ ఏటేటా కొలిచి జనం ముందు పెట్టాలి, వరద రోజుల్లో ఒండ్రు నీటిని కిందికి వదిలే పద్ధతి ఇప్పుడే ఏర్పరచాలి. ఉపనది శబరి పోలవరానికి ఎగువనే, కూనవరం దగ్గర కలిసిపోతుంది. ఆ తర్వాత ధవళేశ్వరం దాకా గోదావరిలో కలిసే పెద్ద ఉపనది ఏదీ లేదు, పోలవరం దగ్గర ఆగిన మట్టికి బదులు తెచ్చిపెట్టడానికి.