హైతీ డోళ్లు, మా నాయనమ్మ గంప



పోయిన వారం హాస్టల్లో ఫోన్లో ఒక దెయ్యాల సినిమా చూస్తున్నాం. బొమ్మకి సూదులు గుచ్చితే ఎక్కడో మనిషి చచ్చిపోతాడు. "వూడూ అంటే ఇదేరా, మీ నాయనమ్మ చెప్పే సోది కూడా ఇట్టాంటిదే కదా" అన్నాడు ఒక ఫ్రెండ్. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత నిద్ర పట్టలేదు. మా నాయనమ్మ గంప, కర్ర పట్టుకొని నరసరావుపేట చుట్టుపక్కల ఊళ్లు తిరిగి, ఎరుక చెప్పి మా నాన్నని పెంచింది. తెల్లారి లైబ్రరీకి పోయి అసలు వూడూ అంటే ఏందో చదివాను.

అది హైతీ జనం మతం. ఆఫ్రికా నుంచి ఓడల్లో తెచ్చిన బానిసలు తమతో తెచ్చుకున్న నమ్మకాల నుంచి పుట్టింది. ఆ నేల అప్పుడు ఫ్రాన్స్ చేతిలో ఉంది, అంతా చెరకు తోటలు. బానిసలందరికీ బాప్తిస్మం ఇవ్వాలని, వేరే మతం పనికిరాదని ఫ్రెంచి రాజు 1685లో చట్టం చేశాడు. సరే, తీసుకున్నారు. చర్చిలో సెయింట్ పాట్రిక్ పటం ఉంటుంది, ఆయన కాళ్ల దగ్గర పాములు. ఆ పటంలోనే తమ పాముదేవుడు దాంబాలాని చూసుకొని మొక్కారు. 1791 ఆగస్టులో బ్వా కైమాన్ అనే చోట రాత్రి పూజ చేసి, బుక్‌మన్ వెనక తిరుగుబాటుకి లేచారని అక్కడ చెప్పుకుంటారు. 1804 జనవరి 1న స్వతంత్రం వచ్చింది. బానిసలు దొరల్ని తరిమి కట్టుకున్న దేశం అది. సినిమాలో ఇది చూపించరు.

అయినా 1941-42లో మూఢనమ్మకాలు పోగొడతామని క్యాథలిక్ చర్చి వాళ్ల డోళ్లు, పూజ సామాన్లు తగలబెట్టించింది. 2003లో గానీ సర్కారు దాన్ని మతంగా గుర్తించలేదు. 2010 భూకంపంలో జనం ఇంకా శిథిలాల కింద ఉండగానే, సైతానుతో ఒప్పందం చేసుకున్నందుకే ఇట్లా అయిందని అమెరికా టీవీలో ఒక పాస్టరు అన్నాడు.

ఇదంతా చదువుతుంటే నాకు స్టూవర్టుపురం గుర్తొచ్చింది. మన ఎరుకలవాళ్లు ఒకప్పుడు ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని ఊరూరా అమ్మేవాళ్లు. రైలు వచ్చింది, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, బేరం పోయింది. తిరిగే మనిషి దొంగ అయ్యాడు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఆ తర్వాత బాపట్ల దగ్గర సెటిల్మెంట్ పెట్టి, స్టూవర్ట్ దొర పేరు తగిలించి, సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. బడి పెట్టారు, పొలం ఇచ్చారు, చీరాల పొగాకు కంపెనీలో పని చూపించారు. అది కాదనను. కానీ హాజరు పలకాలి, పాస్ లేకుండా పొలిమేర దాటకూడదు. కాపలా, ప్రార్థన రెండూ ఒకే చేతిలో.

మన పల్నాడుకి క్రీస్తు మాట అంతకు చాలా ముందే వచ్చింది. లూథరన్ మిషనరీ హయ్యర్ 1849లోనే గురజాల చేరాడు. ఆయన దగ్గరికి ఇష్టమైనవాళ్లు నడిచిపోయారు. స్టూవర్టుపురంలో మనల్ని పోలీసు తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. నాకు ఈ తేడా చిన్నదిగా అనిపించదు.

1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది, దొంగ అన్న పేరు పోలేదు. 1970ల్లో అక్కడికి పోయి పనిచేసిన హేమలతా లవణం ఎవరో తెలుసా? మన వినుకొండ జాషువా గారి కూతురు. ఆమె నాస్తికురాలు!

ఇంకో మాట. చర్చికి పోతే ఎస్టీ సర్టిఫికెట్ పోద్దని మా అమ్మని కొందరు భయపెట్టారు. 1950 ఆర్డర్లో ఎస్సీలకు పెట్టిన మతం షరతు ఎస్టీలకు పెట్టలేదు. మీ ఇళ్లల్లో కూడా ఈ సంగతి చెప్పండి.

ఆదివారం నాయనమ్మకి ఫోన్ చేశాను. "ఎరుక చెప్పేటప్పుడు ఎవరిని తలుచుకుంటావే?" అని అడిగా. "ముందు నాంచారమ్మని. తర్వాత ఆ ఇంటోళ్ల దేవుణ్ణి. ఏసయ్యోళ్లయితే ఏసయ్యని" అంది. నవ్వొచ్చింది. దాంబాలా గురించి చెప్తే, "పామా? మంచిదే" అంది.

మీలో ఎవరి తాతలైనా స్టూవర్టుపురంలో గానీ సీతానగరంలో గానీ హాజరు పలికి ఉంటే, ఇంట్లో పెద్దవాళ్లని అడిగి ఇక్కడ రాయండి. ఆ రోజులు చూసినవాళ్లు ఇప్పుడు చాలా కొద్దిమందే ఉన్నారు.