మాయాబజార్ వెన్నెల

కె.వి. రెడ్డిగారి దర్శకత్వమున 1957లో వెలువడిన ‘మాయాబజార్’ 2010లో రంగులు సంతరించుకొని మరల థియేటర్లకు వచ్చెను. బాల్యమున నలుపు తెలుపులలో మురిసి చూచిన ఆ చిత్రమును పెద్ద తెరమీద మరల చూచితిమి.

వివాహభోజన ఘట్టమున లడ్డూలు వాటంతటవే ఎగిరి ఘటోత్కచుడైన రంగారావుగారి నోటిలో పడుచుండగా, పిల్లలతోపాటు మేమును నవ్వితిమి. రంగు అచ్చట అడ్డు రాలేదు. రాక్షసమాయకు ఆర్భాటము అందమే కదా!

పిదప నౌకావిహారము. ఆ వెన్నెల మార్కస్ బార్ట్‌లే ఛాయాగ్రహణ కౌశలము. నలుపునకు తెలుపునకు నడుమనున్న ఛాయలే ఆయన సాధనములు. వాటిపై రంగు పూయగా నీరు, చెట్లు స్పష్టపడినవి. వెన్నెల మాత్రము పలుచబడినది. ఆయన కోరి చీకటిలో ఉంచినవానిని మనకు చూపనేల? ఆ నలుపు తెలుపుల ప్రతినే అంతటి తెరపై చూడవలెనని మా కోరిక.