మాసిక వేసిన బట్ట

రాజుల పట్టాభిషేకములకును, వారి యుద్ధములకును చరిత్ర గ్రంథములలో చోటు కలదు. చినిగిన బట్టకు మాసిక వేసిన చేతికి అందు చోటు లేదు. కాని మనుష్యుడు బట్టకట్ట నేర్చిన నాటినుండి మొన్నమొన్నటి వరకు ప్రతి ఇంటను, ప్రతి తరమునను ఎడతెగక సాగిన పనులలో ఇది యొకటి. తెలుగునాట ఈ పనికి చెందిన మాటలు నాలుగు కలవు. చినుగుపై వేరు గుడ్డ వైచి కుట్టినది మాసిక. రెండు ముక్కలను చేర్చి కుట్టినది అతుకు. పోయిన నేతను దారముతో మరల నేసినట్లు పూడ్చినది రఫూ. ఈ మాట ఉర్దూ ద్వారమున మనకు వచ్చినది. ఇక కట్టుటకు పనికిరాని పాతబట్టలను పొరలుగా పేర్చి కుట్టినది బొంత. ఈ నాలుగు మాటల వెనుకను ఒక్కటే భావము: చినిగినంత మాత్రమున బట్ట ఆయువు తీరిపోలేదు.

పూర్వులు బట్టను అంతగా కాపాడుకొనుటకు కారణము లోభము కాదు. బట్ట వెనుకనున్న శ్రమ వారి కన్నులయెదుటనే యుండెను. ప్రత్తి తీసి, గింజ వేరుచేసి, ఏకి, ఏకులు చుట్టి, వడికి, పడుగు చేసి, గంజి పెట్టి, పిదప నేయవలెను. ఒక మగ్గము ఆగక నడుచుటకు పలువురు స్త్రీలు రాట్నములయొద్ద కూర్చుండవలసి యుండెను. శ్రీకాకుళము జిల్లా పొందూరులో వాలుగచేప దవడ ఎముకతో ప్రత్తిని దువ్వి, కేశమువంటి సన్నని నూలు వడుకు స్త్రీలు నేటికిని కలరు. ఆ పని ఒక్క గడియసేపు చూచినవారు, ఆ నూలుతో నేసిన పంచె మోకాలియొద్ద పిగిలినదని పారవేయజాలరు.

ఈ విషయమున మన దేశమందు లిఖితరూపమున నిలిచిన ప్రాచీన సాక్ష్యములలో బౌద్ధుల వినయపిటకము ముఖ్యమైనది. భిక్షువు తనవిగా ఉంచుకొనదగిన వస్తువులు ఎనిమిది యని బౌద్ధ సంప్రదాయము చెప్పును: మూడు చీవరములు, భిక్షాపాత్ర, మొలకట్టు, మంగలికత్తి, నీరు వడియగట్టు గుడ్డ, సూది. సర్వమును త్యజించిన వానికి సైతము సూది త్యజింపరానిదయ్యెను. భిక్షువులు పెంటకుప్పలయందును, శ్మశానములయందును దొరకిన పేలికలను ఏరి, ఉదికి, అతికి ధరించుట యుండెను. బుద్ధుడు మగధదేశపు వరిమళ్ళను, వాని గట్లను చూపి, చీవరమునట్లు కుట్టవచ్చునా యని ఆనందుని అడిగెననియు, ఆనందుడు ఆ మళ్ళ వలెనే ముక్కలను పేర్చి కుట్టు పద్ధతి నేర్పరచెననియు ఆ గ్రంథము తెలుపుచున్నది. అతుకు అచ్చట లోపముగాక, వేషమునకే లక్షణమైనది.

ఆ పిటకమందే వేరొక కథ కలదు. కౌశాంబీరాజైన ఉదయనుని అంతఃపురస్త్రీలు ఆనందునకు 500 చీవరములు దానము చేసిరి. రాజు ఇది విని, ఇన్ని వస్త్రములతో ఈ సన్యాసి బట్టల అంగడి పెట్టునా యేమి యని శంకించి స్వయముగా వచ్చి అడిగెను. చీవరములు జీర్ణించిన భిక్షువులకు ఇవి పంచిపెట్టుదునని ఆనందుడు చెప్పెను. ఆ జీర్ణవస్త్రములనేమి చేయుదురని రాజు మరల ప్రశ్నించెను. అవి పడకపై కప్పు దుప్పట్లగును. పాత దుప్పట్లు పరుపు గలీబులగును. పాత గలీబులు నేలపై పరచుకొందురు. అవి చివికినచో కాళ్ళు తుడుచుకొందురు. అవియు చివికినచో దుమ్ము దులుపుదురు. తుదకు ముక్కలుగా కొట్టి మట్టితో కలిపి నేలకు మెత్తుదురు. రాజు సంతసించి మరి 500 వస్త్రములు ఇచ్చెనట.

అమరావతి, నాగార్జునకొండ విహారములు వెలసిన నేలమీద నున్న మనకు ఈ కథ వినగానే మన ఇల్లు జ్ఞప్తికి రాక తప్పదు. పెట్టెలోని మంచి చీర వెలసిన పిదప ఇంట కట్టు చీర యగును. నడుమ పిగిలిన పిమ్మట గట్టిగానున్న భాగము ఆడపిల్లకు పరికిణీ యగును. మిగిలినది చంటిబిడ్డకు ఉయ్యాలయు, పొత్తిగుడ్డలును అగును. ఆ పిదప బొంత పొరలలో చేరును. తుదకు మసిగుడ్డయై, అలుకుగుడ్డయై, దీపము తుడుచు పేలికయై బూడిదలో కలియును. ఆనందుడు చెప్పిన మెట్లన్నియు మన గృహిణులు ఏ పిటకమును చదువకయే ఎక్కిరి, దిగిరి.

ఈ పనికి శాస్త్రము లేదనుకొనరాదు. మాసికగుడ్డ చినుగుకంటె పెద్దదిగా, చుట్టును గట్టి నేత అందునంతవరకు ఉండవలెను. దాని పడుగు బట్ట పడుగుతోను, పేక పేకతోను కలియవలెను. లేనిచో ఉదికిన తరువాత ముడుతలు పడి ఓరగా లాగును. క్రొత్తగుడ్డను తడిపి ఆరవేయకుండ పాతబట్టపై కుట్టరాదు. అది తరువాత కుంచించుకొనిపోయి చినుగును పెద్దది చేయును. యేసుక్రీస్తు చెప్పిన ఉపమానములలో ఈ సత్యము కలదు. తెలుగు బైబిలునందు అచ్చట వాడిన మాటయు మాసికయే. రఫూ పని ఇంకను సూక్ష్మమైనది. ఆ బట్ట మడతలోనుండియే దారము లాగి, ముడి వేయక, చినుగునకు ఇరువైపుల గట్టి నేతలో నాలుగు కుట్లు దాటించి, మొదట పడుగు వలె నిలువున పోగులు పరచి, పిదప అడ్డముగా ఒక పోగు పైనను, ఒక పోగు క్రిందను సూది నడుపవలెను. బిగించి లాగినచో అచ్చట గుబ్బ కట్టును. అన్నిటికంటె ముఖ్యమైన సూత్రమొకటి కలదు: చినుగక పూర్వమే, పలుచబడిన చోటనే, లోపలి వైపున ఆనుగుడ్డ వేయవలెను.

ఈ విద్య కొన్ని చోట్ల కళగా పండినది. వంగదేశపు స్త్రీలు పాత చీరలను పొరలుగా పరచి, ఆ చీరల అంచులనుండి లాగిన రంగుదారములతోనే తామరపూవులను, చేపలను కుట్టి కాంథాలను చేసిరి. కాశ్మీరమున శాలువలను ముక్కలుగా నేసి, అతుకు కానరాకుండ చేర్చు రఫూగరులు ప్రత్యేక వృత్తివారైరి. జపాను ఉత్తరభాగమున ప్రత్తి పండని చలిసీమలలో పేదరైతులు పేలికపై పేలిక చేర్చి తరతరములు ధరించిన నీలిబట్టలు నేడు ప్రదర్శనశాలలలో గాజుబీరువాలందు వ్రేలాడుచున్నవి. వానిని కుట్టిన స్త్రీలు ప్రదర్శన కొఱకు కుట్టలేదు, చలికి కుట్టిరి.

ఇంతవరకు ఇంటి పనియైన మాసిక, రెండవ ప్రపంచయుద్ధమున రాజ్యాంగపు పనియయ్యెను. బ్రిటనులో 1941 జూన్ 1వ తేదీన బట్టల రేషను ఆరంభమయ్యెను. వయోజనునకు తొలి సంవత్సరమునకు 66 కూపనులు ఇచ్చిరి. పురుషుని ఓవర్‌కోటునకు 16, స్త్రీల ఉన్నిగౌనునకు 11, మేజోళ్ళ జతకు 2 కూపనులు చెల్లెడివి. 1942లో పురుషుల ప్యాంటు కాళ్ళకు మడతలు పెట్టుటను సైతము నిషేధించిరి. 1943లో, ఉన్నదానితో సరిపెట్టుకొని బాగుచేసికొనుడని బోధించు చిన్న పుస్తకమును ప్రభుత్వమే ప్రకటించెను. మోచేతులకు ముందుగానే ఆనుగుడ్డలు వేయుట, పాత ఉన్నిచొక్కాలు విప్పి మరల అల్లుట, నడుమ పలుచబడిన దుప్పటిని నిలువున చీల్చి, ప్రక్క అంచులు నడుమకు వచ్చునట్లు త్రిప్పి కుట్టుట మొదలగు ఉపాయములు ఆనాడు ఇంటింట వ్యాపించెను. 1947 నవంబరులో పెండ్లియాడిన రాకుమారి ఎలిజబెత్తునకును ప్రత్యేకముగ కూపనులు మంజూరు చేయవలసి వచ్చెను. ఈ కట్టడి 1949 మార్చి వరకు తొలగలేదు.

అదే కాలమున మన దేశస్థితి యెట్లుండెను? మిల్లుల బట్టలో పెద్దభాగము సైన్యమునకు పోయెను. ధరలు మిన్నంటెను. 1943లో నూలు, బట్టల నియంత్రణ ఉత్తరువు వెలువడెను. వంగదేశమున అన్నపుకరవు వెంట బట్టకరవును వచ్చెను. మానము కప్పుకొన గుడ్డలేక స్త్రీలు గడప దాటజాలని ఇండ్లు అనేకములు. బ్రిటను గృహిణికి కూపనులు తక్కువయ్యెను, నిజమే. కాని ఆమె బీరువాలో బాగుచేయదగిన బట్ట యుండెను. ఇచ్చట మాసిక వేయుటకు బట్టయే కరవయ్యెను.

ఈ భేదమును గాంధీజీ అంతకు పూర్వమే గుర్తించెను. 1917లో చంపారనులో, శుభ్రముగా ఉండుడని గ్రామస్త్రీలకు బోధింపుమని ఆయన కస్తూరిబాను పంపెను. ఒక స్త్రీ ఆమెను తన గుడిసెలోనికి తీసికొనిపోయి, పెట్టెలేదు, బీరువాలేదు, కట్టిన చీర తప్ప వేరు చీర లేదు, దీనినెట్లు ఉదుకుకొందునని అడిగెనట. మాసిక విషయమును అట్టిదే. సూది పట్టవలెనన్నచో బట్ట విప్పవలెను. విప్పవలెనన్నచో రెండవ బట్ట యుండవలెను. పొదుపును బోధించువారు మొదట ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలెను. 1921 సెప్టెంబరులో మధురలో గాంధీజీ చొక్కాను, టోపీని విడిచి కొల్లాయి మాత్రమే ధరింప నిశ్చయించుటకు కారణము పేదల ఈ దిగంబరత్వమే.

చరిత్రలో ఒక వింత గమనింపదగియున్నది. బ్రిటనులో బట్టల రేషను మొదలైన 1941వ సంవత్సరముననే, ఆ దేశమందలి విన్‌ఫీల్డు, డిక్సను అను శాస్త్రజ్ఞులు పాలియెస్టరు పోగును కనుగొనిరి. టెరిలీనను పేర అది లోకమంతట వ్యాపించెను. అది త్వరగా చినుగదు, ముడుత పడదు, ఉదికిన గంటలో ఆరును. 1960 తరువాతి దశాబ్దములలో మన దేశమందును అట్టి బట్ట విరివిగా వచ్చెను. పేదవానికి రెండవ జత బట్టలు దొరకుటకు మిల్లులును, ఈ పోగును చేసిన సాయమును మరువరాదు. అయితే ఆ పోగు పొత్తిగుడ్డకు చెమ్మ పీల్చదు, మసిగుడ్డగా వేడి తగిలినచో కరగును, మట్టిలో కలియదు. ఆనందుడు చెప్పిన మెట్లలో చివరివి దానికి లేవు.

నేడు బట్ట చినుగక మునుపే దానిపై మోజు చినుగుచున్నది. బాగుచేయించు కూలికంటె క్రొత్తది కొనుట చౌకయను మాట ఇంటింట వినబడుచున్నది. ఆ చౌకదనమునకు వెల యెవరు చెల్లించుచున్నారో ఢాకాయొద్ద సావారులో 2013 ఏప్రిల్ 24న తెలియవచ్చినది. బట్టలు కుట్టు కార్ఖానాలున్న రాణా ప్లాజా భవనము కూలి 1,100 మందికి పైగా మరణించిరి. వారిలో స్త్రీలే అధికులు. వడుకు స్త్రీ శ్రమ మన కన్నుల యెదుట నున్నంతకాలము బట్టపై గౌరవముండెను. ఆ శ్రమ నేడును కలదు. కంటికి దూరమైనది, అంతియే.

లేమిచేత వేసిన మాసిక వేరు, గౌరవముచేత వేసిన మాసిక వేరు. మొదటిది ఎవ్వరికిని రాకుండుగాక యని కోరుట మన ధర్మము. రెండవదానిని చిన్నతనముగా తలచుట మాత్రము అవివేకము. కాలరు తిరగవేసి కుట్టిన చొక్కా ధరించి పాఠశాలకు పోయిన బాలుని చూచి తోడివారు నవ్వని దినము వచ్చినచో, చరిత్ర గ్రంథమున చోటు దొరకని ఆ తల్లి చేతికి తగిన సన్మానము జరిగినట్లే.