మనిషి ఆగితే రంపం ఆగాలి

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు పెరట్లో ఖాళీగా పడున్న పశువులపాక చూసి నాకో పిచ్చి పట్టుకుంది. దాన్ని చిన్న వడ్రంగి షాపు చేసేయాలని! మొదటి ప్రశ్న: టేబుల్ సా ఏది కొనాలి? బల్ల మధ్యలోంచి గుండ్రటి రంపం పైకొచ్చి తిరుగుతుంటుంది, చెక్కని మనం దాని మీదకి తోస్తాం. అంతే. మనవాళ్ళ అలవాటు ప్రకారం ఎక్సెల్ షీటు తెరిచి హార్స్ పవరు, బ్లేడు సైజు, రేటు అని గడులు గీసుకున్నాను. మా ఊరి వడ్రంగి బాబాయి అది చూసి నవ్వి ఎడమ చెయ్యి చాపాడు. రెండు వేళ్ళు సగమే ఉన్నాయి. "దీనికి గడేదిరా అబ్బాయ్?" అన్నాడు.

ఆ మాట పట్టుకుని కాస్త చరిత్ర తిరగేశాను.

గోదావరి వాళ్ళకి కలప కొత్తేం కాదు. 17వ శతాబ్దంలో నరసాపురం, పక్కనున్న మాధవాయపాలెం ఓడల తయారీకి పేరుమోసినవి. ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు కూడా అక్కడ ఓడలు కట్టించుకున్నారు. తర్వాత రాజమండ్రి కలప వ్యాపారానికి కేంద్రమైంది. ఎగువ అడవుల్లో కొట్టిన బరువైన దుంగలు మునిగిపోకుండా వెదుళ్ళు కట్టి, తెప్పలుగా గోదావరి మీద దింపేవాళ్ళు.

అప్పట్లో కోత ఇద్దరి పని. దుంగని ఎత్తు మీద పెట్టి పైన ఒకడు, కింద ఒకడు పెద్ద రంపం లాగాలి. పైవాడు గీత తప్పకూడదు, కిందవాడి కళ్ళనిండా పొట్టు. నడుములు విరిగే చాకిరీ. కానీ అందులో ఒక్క సుఖం ఉంది. మనిషి ఆగితే రంపం ఆగుతుంది.

ఆ సుఖం యంత్రాలతో పోయింది. 1777లో సౌతాంప్టన్ వాడు శామ్యూల్ మిల్లర్ తీసుకున్న పేటెంటులో గుండ్రటి రంపం మాట కనిపిస్తుంది. 1800ల మొదట్లో పోర్ట్స్‌మత్‌లో మార్క్ బ్రూనెల్ ఓడల కప్పీలు చేసే యంత్రాల వరస పెట్టాడు, అందులో గుండ్రటి రంపాలూ ఉన్నాయి. 110 మంది చేసే పని 10 మందితో అయిపోయిందట! 1939లో అమెరికాలో డెల్టా కంపెనీ యూనిసా తెచ్చింది (పేరుకే డెల్టా, మన కోనసీమతో చుట్టరికం లేదు లెండి). బల్లని కాకుండా బ్లేడునే వాల్చి ఏటవాలుగా కోసుకోవచ్చు. పని తేలికైంది, కానీ మనిషి చెయ్యి తీసినా రంపం మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

అసలు ప్రమాదం బ్లేడు వెనక భాగంలో ఉంది. అక్కడ పళ్ళు కిందనుంచి పైకి లేస్తుంటాయి. కోసిన చెక్క మూసుకుపోయి ఆ పళ్ళని పట్టేసిందా, చెక్క ఎగిరి మన మీదకొస్తుంది, చెయ్యి బ్లేడు మీదకి జారుతుంది. దీనికి మందు బ్లేడు వెనక నిలబడే చిన్న ఇనుప రేకు, రైవింగ్ నైఫ్ అంటారు. కోత మూసుకోకుండా అడ్డుకుంటుంది.

1999లో స్టీవ్ గాస్ అనే అమెరికా పేటెంటు లాయరు ఇంకో అడుగేశాడు. చర్మం తగలగానే కరెంటు సిగ్నలు మారుతుంది, అల్యూమినియం దిమ్మ ఒకటి బ్లేడులోకి దూసుకెళ్ళి సెకనులో రెండొందల వంతులో ఆపేస్తుంది. మన భాషలో హార్డ్‌వేర్ ఇంటరప్ట్ అన్నమాట! వేలికి బదులు సాసేజ్ పెట్టి చూపించేవాడు. 2004 నుంచి సాస్టాప్ పేరుతో ఆ రంపాలు అమ్ముడయ్యాయి. పచ్చి చెక్క కోసినా అది పొరబడి ఆగిపోవచ్చు, అది వేరే సంగతి.

మరి మన దగ్గర? రాళ్ళు కోసే మార్బుల్ కట్టర్‌ని ప్లైవుడ్ బల్లకి తలకిందులుగా బిగించి, చెక్క కోసే బ్లేడు వేసేస్తారు. నిమిషానికి 12 వేల చుట్లు పైనే. మామూలు పదంగుళాల టేబుల్ సా నాలుగైదు వేలు తిరుగుతుంది. దీనికి రేకు లేదు, మూత లేదు. బాబాయి వేళ్ళు పోయింది ఇలాంటి బల్ల మీదే. "తొందర్లో ఉన్నాం మరి" అన్నాడు, అంతే.

అందుకే నా షీటు తిరగరాశాను. ముందు రైవింగ్ నైఫ్, బ్లేడు మీద మూత. తర్వాత బ్లేడుకి సమాంతరంగా కదలకుండా నిలిచే ఫెన్సు. ఆ తర్వాత మోకాలితో ఆపగలిగే స్విచ్చు, అదీ కరెంటు పోయి వచ్చినప్పుడు దానంతటది తిరగని రకం (మన ఊళ్ళలో దీని అవసరం వేరే చెప్పాలా!). చెక్కని తోసే కర్ర మనమే చేసుకోవచ్చు. హార్స్ పవరు చివర్న.

ఇవి లేని మిషన్ సగం రేటుకొచ్చినా నాకొద్దు. ఈలోపు మాత్రం బాబాయి ఇచ్చిన చేతిరంపంతో గీత మీద కోయడం నేర్చుకుంటున్నాను. ఇంకా వంకరే పోతోంది. అయినా, నేను ఆగితే ఆగుతోంది.