అండమాన్–నికోబార్ సాగునేలలు: స్వభావం, లోపాలు, సంరక్షణ

బంగాళాఖాతంలో ఉత్తర దక్షిణాలుగా పరచుకున్న అండమాన్–నికోబార్ దీవుల విస్తీర్ణం 8,249 చదరపు కిలోమీటర్లు. ఇందులో 80 శాతానికి పైగా అడవి. సాగుకు అనువుగా ఉన్నది ఇంచుమించు 50 వేల హెక్టార్లే. బియ్యం, పప్పులు, కూరగాయల్లో అధిక భాగం ఇప్పటికీ చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం రేవుల నుంచి ఓడల్లో చేరుతున్నాయి. అందువల్ల దీవుల్లోని ప్రతి ఎకరం సాగుభూమికీ ప్రధాన భూభాగంలో లేనంత విలువ ఉంది. ఇక్కడ ఒక పొలం పాడైతే దానికి బదులుగా మరో పొలం దొరకదు.

ఏడాదిలో ఎక్కువ కాలం పచ్చగా కనిపించే ఈ దీవులను చూసినవారు నేల ఎంతో సారవంతమని భావిస్తారు. వాస్తవం అందుకు భిన్నం. ఇక్కడి సారంలో ఎక్కువ భాగం నేలలో కాక చెట్లలోనూ, నేలపై రాలి కుళ్లే ఆకుల పొరలోనూ ఉంటుంది. ఆ పలుచని పొరను కాపాడుకున్నంత కాలమే సాగు నిలుస్తుంది.

పుట్టుక

మయన్మార్‌లోని అరకాన్ యోమా పర్వతశ్రేణి సముద్రంలో మునిగి మళ్లీ పైకి తేలిన శిఖరాలే అండమాన్ దీవులు. ఉత్తర అండమాన్‌లోని శాడిల్ పీక్ సుమారు 732 మీటర్ల ఎత్తుతో వీటిలో అత్యున్నత శిఖరం. ఇసుకరాయి, షేల్ శిలలు ఇక్కడ ఎక్కువగా కనిపిస్తాయి. సముద్రగర్భం నుంచి పైకి నెట్టుకొచ్చిన ముదురు రంగు శిలలు కూడా కొన్నిచోట్ల ఉన్నాయి. నికోబార్ దీవుల్లో ఉత్తరాన ఉన్న కార్ నికోబార్ దాదాపు సమతలంగా, పగడపు సున్నపురాయితో ఏర్పడింది. దక్షిణాన గ్రేట్ నికోబార్ కొండలమయం.

గోదావరి, కృష్ణా డెల్టాలకు వందల కిలోమీటర్ల దూరం నుంచి నదులు ఒండ్రు మోసుకొచ్చాయి. దీవుల్లో అంతటి నదులు లేవు. ఉన్నవి కొండ దిగి కొద్ది దూరంలోనే సముద్రంలో కలిసే వాగులు. కొండ మీద కోతపడిన మట్టిలో కొంత లోయల్లో నిలుస్తుంది, మిగిలినది సముద్రం పాలవుతుంది. వయసు రీత్యా చూస్తే ఇవి చాలావరకు ఇంకా పూర్తిగా పరిణతి చెందని నేలలు. వాలుల మీద లోతు తక్కువ.

వాన ప్రభావం

దీవుల్లో సగటున ఏటా 3,000 మిల్లీమీటర్ల వరకు వర్షం కురుస్తుంది. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ కలిసి మే నుంచి డిసెంబర్ వరకు వానలు కొనసాగుతాయి. జనవరి నుంచి ఏప్రిల్ వరకు దాదాపు వాన ఉండదు.

ఈ కుంభవృష్టి నేలలో కరిగే కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం వంటి పోషకాలను లోపలికి దించి, చివరకు సముద్రానికి చేరుస్తుంది. సులభంగా కరగని ఇనుము, అల్యూమినియం మిగిలిపోతాయి. ఇనుము వల్ల మట్టికి ఎరుపు, గోధుమ రంగులు వస్తాయి. క్షార గుణం గల లవణాలు తరిగిపోయినందున మట్టి పులుపెక్కుతుంది. వాలు నేలల్లో చాలాచోట్ల పీహెచ్ 5 నుంచి 6 మధ్య ఉంటుంది. అటువంటి నేలలో వేసిన భాస్వరం ఎరువును ఇనుము, అల్యూమినియం పట్టి ఉంచుతాయి, మొక్కకు అందేది కొద్ది భాగమే. అందుకే ఎరువు మోతాదు పెంచినంత మాత్రాన దిగుబడి పెరగదు.

అడవి ఉన్నచోట ఈ నష్టం పెద్దగా తెలియదు. రాలిన ఆకు ఉష్ణమండల వేడికీ, తేమకూ వేగంగా కుళ్లుతుంది. విడుదలైన పోషకాలను వేర్లు వెంటనే అందుకుంటాయి. చెట్లను నరికితే ఈ చక్రం తెగిపోతుంది. వాన చినుకు నేరుగా మట్టిని కొడుతుంది. సేంద్రియ పదార్థం కొన్నేళ్లలోనే తరిగిపోతుంది. 1858లో బ్రిటిష్ వారు ఖైదీల స్థావరాన్ని నెలకొల్పిన నాటి నుంచీ, దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ శరణార్థులకు పునరావాసం కల్పించిన కాలంలోనూ అడవిని నరికి సాగులోకి తెచ్చిన చోట్ల ఈ సమస్య ఎదురైంది.

మూడు రకాల పరిస్థితులు

సాగు దృష్టితో దీవుల నేలలను మూడుగా చూడవచ్చు. మొదటిది కొండవాలు. ఇక్కడ నీరు నిలవదు, మట్టి కోతకు గురవుతుంది. కొబ్బరి, పోక, మిరియాలు, లవంగం, దాల్చినచెక్క వంటి తోట పంటలు దీనికి తగినవి. రెండవది లోయ. కొండ నుంచి దిగిన మట్టి చేరడంతో లోతు, బంకతనం ఎక్కువ. వానాకాలమంతా నీరు నిలిచే ఈ పల్లాల్లో వరి పండుతుంది. సుమారు ఆరు నెలల కాలపరిమితి గల సీ-14-8 అనే పొడవు రకం ఇక్కడ దీర్ఘకాలంగా సాగులో ఉంది. మూడవది తీరం. ఇసుక, పగడపు పొడి కలిసిన సున్నపు నేలలు ఒక వైపు, మడ అడవుల బురద నేలలు మరో వైపు ఉంటాయి. పగడపు నేలలో పులుపు లేకపోయినా నీటిని పట్టి ఉంచే గుణం తక్కువ. కొబ్బరికి మాత్రం అది అనుకూలం.

మడ బురద నేలల విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. సముద్రపు నీటిలోని సల్ఫేటును గాలి సోకని బురదలో సూక్ష్మజీవులు మార్చివేయగా, అది ఇనుముతో కలిసి పైరైట్ అనే ఖనిజంగా నిల్వ ఉంటుంది. నీటి కింద ఉన్నంత కాలం దానివల్ల హాని లేదు. సాగు కోసం నీటిని తోడి నేలను ఆరబెడితే గాలి సోకి గంధకామ్లం పుడుతుంది. పీహెచ్ 4 కంటే దిగువకు పడిపోతుంది. కరిగిన అల్యూమినియం వేర్లను దెబ్బతీస్తుంది. కనుక మడ అడవిని పొలంగా మార్చాలన్న ఆలోచన లాభంకన్నా నష్టాన్నే తెస్తుంది.

2004 తర్వాత

2004 డిసెంబర్ 26న సుమత్రా సమీపంలో సంభవించిన భారీ భూకంపం, సునామీ దీవుల ప్రజలతో పాటు నేలనూ దెబ్బతీశాయి. భూమి ఉత్తరాన కొంత పైకి లేచింది, దక్షిణాన కుంగింది. దక్షిణ అండమాన్ తీరం దాదాపు ఒక మీటరు, దేశ దక్షిణాగ్రమైన ఇందిరా పాయింట్ 4 మీటర్లకు పైగా దిగిపోయాయి.

దెబ్బతిన్న పొలాల పరిస్థితి మూడు విధాలుగా మారింది. కొన్ని శాశ్వతంగా సముద్రంలో కలిశాయి. కొన్నింటిలోకి పోటు సమయంలో ఉప్పునీరు వచ్చి, ఆటు సమయంలో తిరిగి పోతోంది. ఇంకొన్నింటిలోకి నీరు ఒక్కసారి వచ్చి వెనక్కి మళ్లింది. మూడవ రకం పొలాల నుంచి ఉప్పును తర్వాతి రుతుపవనాల వానలే చాలావరకు కడిగివేశాయి. పోషకాలను దోచుకునే వానే ఇక్కడ వైద్యం చేసింది. అసలు సమస్య రెండవ రకం పొలాలది. వానాకాలంలో ఉప్పు తగ్గినా, జనవరి నుంచి భూగర్భంలోని ఉప్పునీరు మట్టిలోని సన్నని రంధ్రాల గుండా పైకి ఎగబాకుతుంది. నీరు ఆవిరై ఉప్పు పైపొరలో మిగులుతుంది. వేసవి చివరికి అది గరిష్ఠ స్థాయికి చేరుతుంది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రైతులకు తెలిసిన కారు చౌడుకూ, దీనికీ తేడా ఉంది. కారు చౌడులో పీహెచ్ 8.5కు మించి ఉంటుంది, జిప్సం వేసి బాగుచేస్తారు. అండమాన్ తీర పల్లాల్లో పలుచోట్ల ఉప్పు, పులుపు రెండూ కలిసి ఉంటాయి. అక్కడ పులుపు తగ్గించడానికి సున్నం కావాలి. ఉప్పు తగ్గించడానికి మంచినీరు, మురుగు పోయే దారి కావాలి. మట్టి పరీక్ష లేకుండా ఒక ప్రాంతపు పద్ధతిని మరో ప్రాంతంలో అనుసరించడం ప్రయోజనకరం కాదు.

సంరక్షణ మార్గాలు

శ్రీ విజయపురం(పూర్వపు పోర్ట్ బ్లెయిర్)లో భారత వ్యవసాయ పరిశోధన మండలి 1978లో నెలకొల్పిన సంస్థ నేడు కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థగా పనిచేస్తోంది. పోటు నీరు చేరే పల్లాలకు అది సూచించిన పద్ధతుల్లో ఎత్తుమడి–కాలువ విధానం ముఖ్యమైనది. పొలంలో వెడల్పాటి కాలువలు తవ్వి, ఆ మట్టితో పక్కన ఎత్తైన మడులు కడతారు. మడి మీద పడిన వాన ఉప్పును కాలువలోకి కడిగివేస్తుంది. మడిపై కూరగాయలు, కాలువలో వరి, చేపలు పెంచవచ్చు. నిల్వ ఉన్న వాననీరు వేసవి తడులకు ఉపయోగపడుతుంది. లవణాన్ని తట్టుకునే వరి రకాలను కూడా ఈ సంస్థ రూపొందించింది.

పోటు నీటిని ఆపే కరకట్టలు, ఆటు సమయంలో మాత్రమే తెరుచుకునే తూములు పల్లపు పొలాలకు ప్రాణాధారం. వాలు నేలల్లో వాలుకు అడ్డంగా గట్లు, కొబ్బరి తోటలో అంతరపంటలు, నేలను కప్పే పప్పుజాతి మొక్కలు మట్టికోతను తగ్గిస్తాయి. కంచె వెంట పెంచిన గ్లైరిసిడియా కొమ్మలను కోసి వేస్తే పచ్చిరొట్ట ఎరువవుతుంది. వేసవిలో ఆకులు, గడ్డితో నేలను కప్పితే తేమ నిలుస్తుంది, ఉప్పు పైకి రావడం తగ్గుతుంది.

2011 జనగణన ప్రకారం దీవుల జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస వెళ్లిన కుటుంబాలు వారిలో అనేకం. వారితో సహా దీవుల వాసులందరి ఆహార భద్రత ఈ కొద్దిపాటి నేలతో ముడిపడి ఉంది. కొండపై ఆకుల పొర, తీరాన మడ అడవి, పల్లంలో కరకట్ట నిలిచినంత కాలం ఆ నేల నిలుస్తుంది. ఈ మూడింటిలో ఏది చెదిరినా పొలాన్ని తిరిగి సాగుకు తేవడానికి ఏళ్లు పడుతుందని, కొన్నిచోట్ల అసలు సాధ్యం కాదని 2004 అనుభవం తెలియజేస్తోంది.