అమెరికాలో చదువులు తగ్గినవా?



'మా కాలపు చదువులు వేఱు, ఈ కాలపు చదువులు వేఱు' అను మాట పెద్దలు కూర్చున్న ప్రతి యరుగుమీదను వినబడునదే. అమెరికా సంయుక్తరాష్ట్రములలోను ఈ మాట యున్నది. అచ్చట నది నిట్టూర్పుతో ముగియక, పత్రికల కెక్కి, ఎన్నికలలో వాదమై, చట్టములకు సైతము కారణమైనది. ఆ యసంతృప్తి యెట్లు పెరిగినది, అందు నిజమెంత, పొరపాటెంత యను సంగతిని చరిత్రనుబట్టి మీకు మనవి చేసెదను.

ఆ దేశమున బడి యనునది మొదటినుండియు ఊరి బాధ్యత. 1647లో మసాచుసెట్సు వలసరాజ్యమువారు 50 కుటుంబములుగల ప్రతి యూరును చదువను వ్రాయను నేర్పు నుపాధ్యాయుని నియమించుకొనవలెనని శాసనము చేసిరి. నేటికిని ఒక్కొక్క ప్రాంతపు బడులకు ఒక్కొక్క పాలకసంఘము కలదు. దాని సభ్యులను పెక్కుచోట్ల ప్రజలే యెన్నుకొందురు. వ్యయములో పెద్దభాగము ఇండ్లమీదను నేలమీదను విధించు స్థానికపు పన్నునుండి వచ్చును. పన్ను కట్టువాడు లెక్క యడుగక మానడు గదా! అందుచే బడిమీది ఫిర్యాదు అచ్చట బిగ్గరగా వినబడును.

ఆ ఫిర్యాదు క్రొత్తది కాదు. 1845లో బోస్టను నగరమున జరిగిన పరీక్షను చూడుడు. అదివఱకు తనిఖీ సంఘమువారు వచ్చి నోటి ప్రశ్నలడుగుట, పిల్లలు వల్లించుట, పెద్దలు మెచ్చుకొనుట ఆచారము. ఆ రాష్ట్ర విద్యాసంఘ కార్యదర్శియైన హొరేస్ మాన్‌కు ఇది చాలదని తోచినది. అతని మిత్రుడు శామ్యూల్ గ్రిడ్లీ హౌ మొదలగువారు పై తరగతుల పిల్లలకు అచ్చువేసిన ప్రశ్నలనిచ్చి జవాబులు వ్రాయించిరి. సరియైన జవాబులు మూడింట నొకవంతునకు తక్కువగా వచ్చినవి. నౌకావ్యాపార నిషేధము విధించిన సంవత్సరమును చెప్పగలిగినవారిలో పలువురకు ఆ నిషేధమనగా నేమో తెలియదు. నగరవాసులు నివ్వెఱపోయిరి. 'పూర్వపు గట్టి చదువులు' అని నేటివారు తలచుకొను కాలపు ముచ్చట యిది!

ఇట్టి కలవరము మఱల మఱల పుట్టినది. 1943లో న్యూయార్కు టైమ్సు పత్రికవారు 7,000 మంది కళాశాల విద్యార్థులను దేశచరిత్రలో పరీక్షింపగా, దేశమునకు మూలమైన 13 వలసరాజ్యముల పేళ్లను నూటికి 6గురే చెప్పగలిగిరి. 1957లో రష్యావారు స్పుత్నిక్కును గగనమున కంపగా, తమ బడులు వెనుకబడుటచేతనే యీ పరాభవము కలిగినదని అమెరికనులు వాపోయిరి. మఱుసటి యేట గణితమునకును విజ్ఞానశాస్త్రమునకును ధనమిచ్చు చట్టము వచ్చినది.

1983లో ప్రభుత్వ సంఘమొకటి, చదువులు దిగజారుటచే దేశమే యపాయమున నున్నదని నివేదిక వెలువరించినది. కళాశాలలలో చేరగోరువారు వ్రాయు ఎస్.ఏ.టి. పరీక్షలో 1963 మొదలు 1980 వఱకు సరాసరి మార్కులు భాషలో 50కి పైగాను, గణితమున 40కి చేరువగాను పడిపోయినవని అందు చూపిరి. కాని యీ పతనమును విల్లర్డ్ వర్ట్సు అధ్యక్షతగల సంఘము 1977లోనే శోధించియుండెను. 1970 వఱకు కలిగిన తగ్గుదలలో హెచ్చుభాగమునకు కారణము పరీక్షకు వచ్చువారు మాఱుటయే యని వారు తేల్చిరి. మున్ను కొలదిమందియే వ్రాసిన పరీక్షకు పిదప అన్ని తరగతులవారి బిడ్డలును రాసాగిరి. మాగాణి పంటను మాత్రమే తూచిన యేటి సరాసరిని, మెట్టచేలనుగూడ కలిపి తూచిన యేటి సరాసరితో పోల్చి, నేల చెడినదనుట న్యాయమా? అయినను 1970 తరువాతి పతనమునకు ఈ సమాధానము చాలదని ఆ సంఘమే యొప్పుకొనినది. బడులలో కట్టుదిట్టము సడలుట, ఇండ్లలో టెలివిజను ప్రబలుట మొదలగు వానిని కారణములుగా పేర్కొనినది.

కనుక పూర్వమును పొగడునప్పుడు, ఆ పూర్వపు బడిలో ఎవరికి చోటుండెనో చూడవలెను. 1900లో 17 ఏండ్లవారిలో ఉన్నత పాఠశాల ముగించినవారు నూటికి 6గురు; 1940 నాటికి సగముమంది. నల్లజాతి బిడ్డలను వేఱు బడులలో నుంచుట రాజ్యాంగవిరుద్ధమని అత్యున్నత న్యాయస్థానము తీర్పుచెప్పినది 1954లో మాత్రమే.

చోటు దొరకినంతమాత్రమున సమానమైన చదువు దొరకలేదు. టెక్సాసు రాష్ట్రమున సాన్ ఆంటోనియోలోని ఎడ్జ్‌వుడ్ అను పేదల ప్రాంతమువారు 1967-68లో హెచ్చు రేటున పన్ను కట్టియు, దానినుండి పిల్లవాని కొక్కింటికి 26 డాలర్లే కూర్చగలిగిరి. చేరువనున్న ఆలమో హైట్సులోని ధనికులు తక్కువ రేటున కట్టియు 333 డాలర్లు కూర్చుకొనిరి. ఇండ్ల విలువలోని భేదమే దీనికి మూలము. ఎడ్జ్‌వుడ్ తల్లిదండ్రులు న్యాయస్థానమున కెక్కిరి. 1973లో అత్యున్నత న్యాయస్థానము, 5గురు న్యాయమూర్తులొక వైపును 4గురొక వైపునుగా చీలి, ఈ పద్ధతి రాజ్యాంగవిరుద్ధము కాదని తీర్పుచెప్పినది. ఊరి బాధ్యత యన్న సూత్రమునకు ఇది రెండవ ముఖము.

అట్లని నేటి ఫిర్యాదును త్రోసివేయ వీలులేదు. పలువిధముల పిల్లలనుండి నమూనాగా కొందఱ నెన్నుకొని ప్రభుత్వము జరుపు జాతీయపరీక్షలో 8వ తరగతి గణితపు సరాసరి 500కు 2019లో 282, 2022లో 274. 4వ తరగతి పఠనము 2019లో 220, 2024లో 215. మహమ్మారివలన బడులు మూతపడుట ఒక కారణము. కాని వెనుకబడిన పిల్లల మార్కులు అంతకు ముందే తగ్గసాగినవి. ముందున్నవారికిని వెనుకనున్నవారికిని గల యెడము పెరుగుచున్నది. ఈ పర్యాయము మెట్టచేల ఉపమానముతో సమాధానపడరాదు. మన తెలుగు కుటుంబముల బిడ్డలు పలువురు నేడా బడులలోనే చదువుచున్నారు గాన, ఇది మనకును బొత్తిగా పరాయి సంగతి కాదు.

ఈ చరిత్రనుండి నాకు తోచిన దొక్కటి. గతించిన కాలమును తలచుకొని నిట్టూర్చుటవలన ఏ బడియు బాగుపడలేదు. బోస్టనులో కొలత వేసి చూచినప్పుడు లోపము బయటపడినది. ఎడ్జ్‌వుడ్‌లో లెక్క తీసి చూచినప్పుడు అన్యాయము బయటపడినది. బడిని నిందించుటకు ముందు, ఎవరి బిడ్డలను దేనితో తూచితిమి, తక్కువ వచ్చినవానికి ఏమి చేసితిమి యని అడుగుట పెద్దల పని. ఆ ప్రశ్న అమెరికాలో ఎంత యవసరమో ఏ యూరిలోనైనను అంత యవసరమే.